రెండో కాటా

“సున్నా బాపూ. ఎన్నిసార్లు సూసినా సున్ననే సూపెడుతుంది.”

అనిల్‌కుమార్ ఫోన్‌ను చాప మీద బోర్లించాడు. నిజామాబాద్‌లో అతని మొబైల్ దుకాణం పొద్దున్నుంచి తెరవలేదు. పక్క దుకాణం అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. అనిల్ ఎత్తలేదు.

దశరథం కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చున్నాడు. చక్కెర ఫ్యాక్టరీ కాటా గుమస్తాగా ముప్పై ఏళ్లు అలాగే కూర్చున్నాడు. ఫ్యాక్టరీ మూతపడింది. భార్య పోయింది. వీపు మాత్రం వంగలేదు.

“దొంగ రాలే. తలుపు ఇరగలే. తొమ్మిది లక్షలు ఎట్ల పోతయిరా?”

“పోలే బాపూ. పంపిన.”

“ఎవరికి?”

అనిల్ తల దించుకున్నాడు. “అవ్వకు.”

వంటింటి గడపలో నిలబడ్డ జ్యోతిరాణి మొగుడి వైపు చూసి, మామ వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త అనసూయమ్మ పోయి మూడేళ్లయింది.

“సక్కగ చెప్పు” అన్నాడు దశరథం.

అనిల్ చెప్పాడు. రెండేళ్లు కూడబెట్టిన డబ్బును అతను ఒక యాప్‌లో క్రిప్టో డాలర్లుగా దాచాడు. ఎవరి పైసలు వాళ్లు సాయంత్రంలోగా తీసుకోండి, ఆ తర్వాత మా బాధ్యత లేదని నిన్న మధ్యాహ్నం ఆ యాప్ వాళ్లు కబురు పెట్టారు. ఎక్కడికి తీయాలి? నాలుగేళ్ల క్రితం ఆ పని నేర్చుకునే రోజుల్లో తల్లి ఫోన్‌లో ఆ డాలర్లు దాచే ఒక వాలెట్ తెరిచి పెట్టాడు. ఖాతా నంబరు లాంటి దాని అడ్రస్ దుకాణం గల్లాపెట్టె మూతకు లోపల అతికించి ఉంది. అనిల్ దుకాణం పెట్టిన నాటి నుంచి మొదటి బోణీ తల్లి చేతిలోనే పెట్టేవాడు. ఆమె చెయ్యి మంచిదని అతని నమ్మకం. నిన్న డబ్బు కూడా ఆ అడ్రస్‌కే పంపాడు.

“పంపేటప్పుడు రెండు తొవ్వలు సూపెట్టింది. ఒకదానికి పదిహేను వందలు ఫీజు. ఇంకోదానికి ముప్పై రూపాయలు. నేను ముప్పై రూపాయల తొవ్వ పట్టిన.”

“ముప్పై రూపాయలు!” జ్యోతిరాణి ఇక ఆగలేదు. “బిర్యానీకి మూడు వందలు పెట్టేటప్పుడు లేని పొదుపు ఈడ గుర్తుకొచ్చింది ఈయనకు.”

“నువ్వు ఊకోయే.”

“ఎందుకు ఊకుంట? మూడు నెలల సంది నా గాజులు శ్రీధర్ దుకాణంల కుదువనే ఉన్నయి.”

శ్రీధర్ అంటే నిజామాబాద్‌లో ఈ డాలర్లను రూపాయలుగా మార్చి ఇచ్చేవాడు. అతని మాటే నిన్నటి నుంచి అనిల్ గుండె మీద బండరాయిలా పడి ఉంది. అడ్రస్ సరైనదే, నెట్‌వర్క్ తప్పు అన్నాడు శ్రీధర్. పదిహేను వందల తొవ్వలో వెతికితే ఆ అడ్రస్‌లో ఏమీ లేదు. పోయినట్టే, మరిచిపో అన్నాడు.

గోడ మీద అనసూయమ్మ ఫోటోకు వేసిన చందనపు దండ ఫ్యాను గాలికి కదిలింది.

ఫోన్ మోగింది. దశరథం చిన్న ఫోన్. ఎత్తకముందే ఎవరో తెలుసు.

“దశరథం గారూ, చెంచురామయ్యనండీ. రేపు శుక్రవారం. మధ్యాహ్నం మూడింటికి రిజిస్ట్రేషను. గుర్తుందిగా?”

“ఉన్నది.”

“నా మాట నేను తప్పనండీ. కానీ మా అబ్బాయి విజయ్‌కుమార్ ప్లాట్ల వాళ్లకి మాటిచ్చేశాడు. మీరు రేపు రాలేదనుకోండి, ఇక వాణ్ణి నేను ఆపలేను. ఏమనుకోకండి.”

“వస్తం” అని దశరథం ఫోన్ పెట్టేశాడు.

ఇరవై గుంటల భూమి, అంటే అరెకరం. ఎడపల్లి కాలువ కింద. అనసూయమ్మ బర్రెలను మేపి, పాలు పోసి, ఆ పాల పైసలతో కొన్నది. ఆమె మంచాన పడ్డప్పుడు ఆసుపత్రికి కట్టడానికి దాన్ని తొమ్మిది లక్షలకు చెంచురామయ్యకు అమ్మారు. ఆయన తండ్రి ఎప్పుడో గుంటూరు జిల్లా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డాడు. మూడేళ్లలో అదే ధర తెచ్చిస్తే అదే భూమి తిరిగి ఇస్తానని చెంచురామయ్య అన్నాడు. కాగితం లేదు. మాట మాత్రమే.

ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరూ వరికి మారారు. ఆమె కూడా మారింది. కానీ కాలువ పక్కన రెండు సాళ్లు చెరుకు ఉంచింది. ఎందుకని దశరథం కసిరాడు. “వాసనకు” అన్నది. అంతే. పొద్దుగూకే వేళ గట్టు మీద కూర్చుని ఒక గడ విరిచి, పళ్లతో పొట్టు ఒలిచి సగం ఇతనికి ఇచ్చేది. ఇతను తీసుకునేవాడు. బాగుందని ఒక్కనాడూ అనలేదు.

బాగుండేది. ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పాలి?

ఆ రోజుల్లో బోధన్ తొవ్వంతా తీపి వాసన. నవంబరు వచ్చిందంటే బండి వెనుక బండి, ఎడ్ల మెడలో గంటలు, వెదజల్లిన చెరుకాకు. చక్కెర మడ్డి వాసన చొక్కాకు పట్టి ఉతికినా పోయేది కాదు. తెల్లారి నాలుగింటి సైరన్‌కు అనసూయమ్మ లేచి పొయ్యి అంటించేది. ఆ సైరన్ ఆగిన తర్వాత కూడా ఏడాది పాటు ఆమె అదే వేళకు లేచింది.

కాటాలు రెండు ఉండేవి. పెద్ద గేటు కాటా ఒకటి, రైలు గేటు కాటా ఒకటి. రైతు చేతిలో పర్మిట్ చీటీ ఒకటే. చీటీ మీద నంబరు ఒకటే. ఏ కాటాలో బండి తూగితే ఆ కాటా పుస్తకంలోనే బరువు ఎక్కేది. తొవ్వ తప్పి రైలు గేటుకు పోయిన బండి రైతు, తర్వాత పెద్ద గేటుకు వచ్చి తన పేరు వెతుక్కునేవాడు. ఉండదు. నెత్తి కొట్టుకుని ఏడ్చేవాడు. నా చెరుకు మాయమైంది సారూ అని కాళ్లు పట్టుకునేవాడు.

దశరథం కుర్చీలో కదిలాడు.

“అనిల్.”

“ఏంది?”

“ఏ పుస్తకంల సూసినవ్?”

“పుస్తకమేంది బాపూ, ఇది...”

“రెండు తొవ్వలంటివి. రెండు కాటాలు. నువ్వు బండిని తోలింది రైలు గేటుకు. వెతికేది పెద్ద గేటు పుస్తకంల. గాడ ఎట్ల దొరుకుతదిరా? నంబరు అదే గదా?”

అనిల్ చాప మీది ఫోన్ వైపు చూశాడు. “అడ్రస్... రెండిట్ల ఒక్కటే ఉంటది.”

“మల్ల అవతలి పుస్తకం తెరువు.”

అనిల్ ఫోన్ తీశాడు. ముప్పై రూపాయల నెట్‌వర్క్ లెక్కలు ఎవరైనా చూడగలిగే సైటు తెరిచి, తల్లి అడ్రస్ పెట్టి వెతికాడు. జ్యోతిరాణి వచ్చి అతని భుజం మీదుగా వంగింది.

“ఉన్నయి” అన్నాడు అనిల్. “బాపూ, ఉన్నయి. ఒక్క పైస తక్కువ లేదు. నిన్న నాలుగు గంటల పది నిమిషాలకు సేరినయి.”

జ్యోతిరాణి చాప మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది. “మామా, మీరు ఫోన్ల దుకాణం పెట్టుండ్రి. ఈయన ఇంట్ల వంట చేస్తడు.”

దశరథం నవ్వలేదు. కానీ మీసం కింద ఏదో కదిలింది. ముప్పై ఏళ్ల కొలువులో తాను నేర్చుకున్నది మూతపడ్డ గేట్లతోపాటు మట్టిలో కలిసిందనే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

“తియ్యి ఇగ. శ్రీధర్‌కు పంపు.”

“తియ్యాల్నంటే ఫీజు కట్టాలె బాపూ. ఆ నెట్‌వర్క్ ఫీజు ఆ నెట్‌వర్క్ నాణెంలనే కట్టాలె. మన డాలర్లు పనికిరావు.”

“మా కాటా దగ్గరా గంతే. రైలు గేటు కాడ రైలు గేటు బిళ్లనే చెల్లేది.”

“ఆ చిల్లర శ్రీధర్ పంపుతడు తియ్యి. దానికి రంది లేదు. ఎక్కువ ఫీజు కడితే జల్ది పోతది కూడ.”

“ఎక్కువ కడితే ముందటికి పోతదా?” దశరథం కళ్లు చిట్లించాడు. “లంచమా?”

“లంచం గాదు బాపూ. ఫీజు. అందరికీ కనబడేటట్టే కడతరు. తొందర ఉన్నోడు ఎక్కువ కడతడు. లేనోడు ఆగుతడు.”

ఆ మాట అతని లోపల ఎక్కడో పాత ముల్లుకు తగిలింది.

“సరే బాపూ, అవ్వ ఫోన్ తియ్యి” అన్నాడు అనిల్ లేస్తూ. “సూసుడు ఎవరైనా సూస్తరు. తీసుడు మాత్రం ఆ ఫోన్‌తోనే అయితది.”

అనసూయమ్మ ఇనుప పెట్టె దేవుని అరలో ఉంది. దాని తాళం చెవి దశరథం మొలతాడుకు ఉంది. మూడేళ్లుగా ఆ పెట్టెను ఎవరినీ ముట్టనీయలేదు. ఆమె ఫోన్ అందులోనే ఉందని చెప్పాడు.

“బాపూ?”

దశరథం కిటికీ వైపు చూశాడు.

“బాపూ, చెవి.”

“పెట్టెల లేదు.”

“ఏది లేదు?”

“ఫోన్.”

“మల్ల ఏడుంది?”

దశరథం నెమ్మదిగా అన్నాడు. “గోదావరిల.”

జ్యోతిరాణి ఏడుపు ఆపింది.

“నందిపేట్ దిక్కు అస్థికలు కలిపినప్పుడు. మీరు గట్టు మీద ఉంటిరి. కుండతోని పాటు అదీ వదిలిన.”

“ఎందుకు బాపూ?” అనిల్ గొంతు కీచుగా లేచింది. “ఎందుకు వదిలినవ్?”

ఎందుకు? ఆమె పోయిన మూడో రోజున ఆ ఫోన్ తీసి చూశాడు. ఆమె మాట అందులో ఎక్కడో దాచి ఉంటుందని విన్నాడు. ఒక్కసారి వినాలనుకున్నాడు. అది ఆమె వేలిముద్ర అడిగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ వేలే అడిగింది. ఆ వేలిని ఎక్కడి నుంచి తేవాలి? ఏ వేలిని అడుగుతోందో ఆ ఫోన్‌కు తెలుసా? చితి మీద తన చేతులతోనే సర్దిన చెయ్యి అది.

ఇదంతా కొడుకుకు చెప్పలేదు.

“వదిలిన. గంతే” అన్నాడు.

“మూడేండ్ల సంది నడుముకు చెవి కట్టుకొని తిరుగుతున్నవ్ గద! మల్ల పెట్టెల ఏముంది?”

“దాని చార్జర్.”

అనిల్ గోడకు చేరగిలబడ్డాడు.

అప్పుడే పక్కింటి హన్మవ్వ పెరుగు గిన్నె పట్టుకుని వచ్చింది. అనసూయమ్మతో కలిసి ఎన్నో ఏళ్లు గడ్డి కోసిన మనిషి. గోడ అవతల నుంచి అన్నీ వింటుంది, అడిగితే వినలేదంటుంది.

“ఏం లొల్లి పిలగా? పెట్టెల ఏం దొరకలేదంట?”

“నువ్వేం వినలే గదా హన్మవ్వా” అన్నది జ్యోతిరాణి.

“నాకెందుకు బిడ్డా మీ ఇంటి ముచ్చట్లు. పెరుగు ఇద్దామని వచ్చిన.”

అనిల్ చటుక్కున తలెత్తాడు. “ఫోన్ లేకున్నా పన్నెండు మాటలు ఉంటే చాలు! వాలెట్ తెరిచిన నాడు అవ్వతోని పన్నెండు మాటలు కాయితం మీద రాయించిన. ఏ ఫోన్ల పెట్టినా ఆ మాటలతోని తెరుచుకుంటది. ఫోటో తియ్యద్దు, ఫోన్ ఉన్న ఇంట్ల పెట్టద్దు, ఎవ్వరు వెతకని జాగల పెట్టు అని చెప్పిన.”

“ఏడ పెట్టింది?”

“నాకు చెప్పలే. చెప్పద్దని నేనే అన్న.”

“నాలుగు మడతల కాయితమా?” అన్నది హన్మవ్వ. “నీలం గీతలది?”

అందరూ ఆమె వైపు తిరిగారు.

“రాఖీ పున్నమకు నేనూ ఆమె కలిసి వర్నికి, తమ్ముని ఇంటికి పోయినం గద. తమ్మునికి రాఖీ కట్టి, సంచిల నుంచి గా కాయితం తీసి ఇచ్చింది. ఇదేందక్కా అని ఆశన్న అడిగిండు. దాచు అన్నది. బస్సుల వచ్చేటప్పుడు నేనూ అడిగిన. మా ఇంటాయన ఎన్నడు కాలు పెట్టని ఇల్లు గదొక్కటే హన్మవ్వా, అన్నది. అని నవ్వింది.”

హన్మవ్వ గిన్నె దించి దశరథం వైపు చూడకుండా పోయింది.

దశరథం ఆ ఇంటికి పోక పంతొమ్మిదేళ్లు. ఆ ఏడు చెరుకు విరగ పండింది. కాటా ముందు బండ్ల వరుస కోసు పొడుగు. ఆశన్న బండి రెండు రోజులు ఎండలో నిలబడింది. చెరుకు ఎండితే బరువు పోతుంది. ఆశన్న యార్డు మనిషి చేతిలో యాభై రూపాయలు పెట్టి బండిని ముందుకు తోలించుకున్నాడు. కాటా మీదికి ఎక్కిన బండిని దశరథం చూశాడు. బామ్మర్ది మొహం చూశాడు. యార్డు మనిషి జేబులో నుంచి ఆ నోటు గుంజుకున్నాడు. బండిని అందరి ముందు వెనక్కి తిప్పించాడు, వరుస చివరికి. ఇంకో మూడు రోజులు పట్టింది. గడలు కట్టెలయ్యాయి.

“నువ్వు మా అక్కకు మొగుడివి గావు. కాటాకు మొగుడివి” అన్నాడు ఆశన్న, నూరు బండ్ల రైతులు వింటుండగా.

వాళ్లు నవ్వారు. ఆ నవ్వును దశరథం మరిచిపోలేదు. ఆ గడప తొక్కనన్నాడు. తొక్కలేదు. ఆమె ఏటా ఒక్కతే రాఖీకి పోయి వచ్చేది. వచ్చాక ఏమీ చెప్పేది కాదు. ఇతను ఏమీ అడిగేవాడు కాదు. అక్క పోయిన రోజున ఆశన్న వచ్చాడు. వాకిట్లో నిలబడి ఏడ్చాడు. మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

అనిల్ అప్పటికే ఆశన్నకు ఫోన్ కలిపాడు. మాట అందరికీ వినబడేట్టు పెట్టాడు.

“మామా, అవ్వ నీకు ఒక కాయితం...”

“ఉన్నది. దేవుని పటం ఎనుక. రాఖీ దారంతోని కట్టి ఇచ్చింది. విప్పలే.”

“జర ఫోటో తీసి పంపు మామా.”

“ఫోటో తియ్యద్దని నువ్వే చెప్పినవంట గదరా మీ అవ్వకు.”

“అయితే నేనే వస్త. ఇప్పుడే బయలెల్లుత.”

అవతల వెనుక ట్రాక్టరు చప్పుడు.

“నీకియ్యమని చెప్పలే అక్క. మీ బావ వచ్చి అడిగితేనే ఇయ్యి అన్నది. ఆయన పక్కనే ఉన్నడు, వింటున్నడు. నాకెరుకే. ఇయ్యాల, రేపు పొద్దుందాక వడ్లు కొనే సెంటర్ కాడ ఉంట. కాటా నాదే.”

ఫోన్ ఆగింది.

జ్యోతిరాణి భోజనం వడ్డించింది. దశరథం ముట్టలేదు. కొడుకు బతిమాలాడు. కోడలు బతిమాలింది. తలెత్తలేదు. చివరికి అనిల్ అన్నాడు.

“నువ్వు పోకుంటే ఆ రెండు సాళ్ల చెరుకు మీద ప్లాట్ల రాళ్లు పాతుతరు. నీ ఇష్టం బాపూ.”

శుక్రవారం పొద్దున దశరథం స్నానం చేసి, ఇనుప పెట్టె తాళం తీశాడు. చార్జర్‌ను పక్కకు జరిపి కింద ఉన్న కాటా పుస్తకం తీశాడు. దాని అట్టలో మడిచి ఉన్న పాత యాభై రూపాయల నోటును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆనాడు గుంజుకుని, బామ్మర్ది మొహాన కొట్టాలని పంతొమ్మిదేళ్లుగా దాచిన నోటు అది. ఇప్పుడు ఎందుకు తీసుకున్నాడో అతనికే తెలియదు.

అనిల్ బండి మీద తీసుకుపోతానన్నాడు. దశరథం వద్దన్నాడు. శ్రీధర్ దగ్గర కూర్చుని ఫోన్ పట్టుకుని ఉండమన్నాడు. బోధన్ దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో వెళ్లాడు. మూతపడ్డ ఫ్యాక్టరీ పొగగొట్టం కిటికీలో నుంచి కనిపించి వెనక్కి పోయింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

వడ్ల సెంటర్ వర్ని దాటాక తొవ్వ పక్కనే ఉంది. పది దాటింది. వడ్ల దుమ్ములో ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. చివర్లో చెట్టు నీడ కూడా లేదు. కాటా దగ్గర ఆశన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. అద్దాలు వచ్చాయి. కలం పట్టుకునే తీరు మాత్రం అచ్చం అక్కదే.

దశరథం దగ్గరికి పోయి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఆశన్నా. కాయితం...”

ఆశన్న తల ఎత్తలేదు. రాస్తూనే అన్నాడు.

“లైన్ల నిలబడాలె బావా. ఈడ ఎవరికైనా లైనే. నీ దగ్గర నేర్చుకున్నదే.”

వింటున్న రైతులు ఇద్దరు నవ్వారు.

దశరథం చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగితే బస్సు తొవ్వ ఉంది. ముందుకు తిరిగితే వరుస ఉంది. అతను వరుస పక్కనే నడిచి చివరి ట్రాక్టరు వెనుక నిలబడ్డాడు. పదకొండు ట్రాక్టర్లు. కాటా మనిషికి లెక్క వేయడం ఒకరు నేర్పక్కరలేదు. ఒక్కోదానికి అరగంట. తన వంతు వచ్చేసరికి మూడున్నర దాటుతుంది. మూడింటికి చెంచురామయ్య సంతకం వేరే కాగితం మీద పడుతుంది.

ఆనాడు ఆశన్న కూడా ఇలాగే లెక్క వేసి ఉంటాడు. ఎండుతున్న చెరుకును చూస్తూ.

ఎండ నెత్తికి ఎక్కింది. ఒక హమాలీ తువ్వాలతో మొహం తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. దశరథాన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

“వడ్లు లెవ్వు, బండి లేదు. ఎండల ఎందుకు పెద్దాయనా? ఒక్క యాభై ఇయ్యి. ముందటికి తీస్కపోత.”

దశరథం చెయ్యి జేబులోకి పోయింది. పాత నోటు మడత వేళ్లకు తగిలింది.

అవతల కాటా దగ్గర ఆశన్న కలం ఆగింది. అద్దాల మీదుగా అతను ఈ చేతినే చూస్తున్నాడు.